సిప్రోఫ్లోక్సాసిన్ నీళ్ళకి ఫెంటానా, ఓజోనా? ముందు ఏ నీళ్ళో తేల్చుకోండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్, రోజుకి 20 కేఎల్ (కిలోలీటర్లు) ఎల్‌టీడీఎస్ (కరిగిన లవణాలు తక్కువున్న) నీళ్ళు, ఈటీపీ (వ్యర్థజల శుద్ధి కేంద్రం) దాటాక కూడా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కనిపిస్తోంది. చివర్లో ఓజోన్ పెడితే పోతుందని ఒక వెండార్, ఫెంటాన్ (ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి కాల్చే పద్ధతి) అయితే చవకని ఇంకొకరు. ఏది పెట్టాలి?

రెండూ పనిచేస్తాయి, రెండూ పనిచేయవు. నీళ్ళు ఎక్కడ పట్టుకుంటారన్నదే అసలు సంగతి. అన్నీ కలిసిపోయిన ఈక్వలైజేషన్ ట్యాంకు మీద ఏ యంత్రం పెట్టినా, మీరు కొనే పెరాక్సైడ్‌లో సింహభాగం యాంటీబయాటిక్‌ని ముట్టుకోను కూడా ముట్టుకోదు.

ఎందుకో ఒక లెక్క చూడండి. ఈ పద్ధతుల్లో ప్రధానంగా పని చేసేది హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన కణం (ఓజోన్ నేరుగా కూడా చర్య జరుపుతుంది). దానికి మంచీ చెడూ తెలీదు, ఎదురైన కర్బన పదార్థాన్నల్లా కొరుకుతుంది. సిప్రోతో దాని చర్యా వేగం మోలార్ లెక్కన సెకనుకు సుమారు 400 కోట్లు. మెథనాల్‌తో 97 కోట్లు. అంటే సిప్రో నాలుగింతలు చురుకు, బాగానే ఉంది అనిపిస్తుంది. కానీ లీటరులో 1 మి.గ్రా. సిప్రో అంటే 3 మైక్రోమోల్స్, 500 మి.గ్రా. మెథనాల్ అంటే 15,600 మైక్రోమోల్స్. గుణించి పక్కపక్కన పెడితే, సిప్రోకి ఒక్క రాడికల్ అందేలోపు మెథనాల్ వెయ్యికి పైగా మింగేస్తుంది. మెథనాల్ లాంటి సాల్వెంట్‌ని ఆవిరి పట్టి తీసేయకుండా (స్ట్రిప్ చేయకుండా) ఈ పనికి దిగడమంటే చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టే.

అందుకని ముందు ప్లాంటులో తిరిగి, సిప్రో ఏయే పైపుల్లోంచి వస్తోందో చూడండి. మదర్ లిక్కర్ (మందు పలుకులు వేరుచేశాక మిగిలే ద్రవం) సాధారణంగా హెచ్‌టీడీఎస్ (లవణాలు ఎక్కువున్న నీళ్ళు) కింద స్ట్రిప్పర్‌కీ, నీటిని ఆవిరి చేసే ఎంఈఈకీ, మిగిలినదాన్ని ఎండబెట్టే ఏటీఎఫ్‌డీకీ పోతుంది. సిప్రో ఆవిరయ్యే సరుకు కాదు కాబట్టి ఉప్పుతో పాటే మిగిలి, ఆ ఉప్పు సంచుల్లో టీఎస్‌డీఎఫ్‌కి (ప్రమాదకర వ్యర్థాలని పూడ్చే కేంద్రానికి) చేరుతుంది. ఎల్‌టీడీఎస్‌లోకి జారేది ఎక్కువగా కడుగు నీళ్ళలోంచి: సెంట్రిఫ్యూజ్, డ్రయర్, మిల్లు, రియాక్టర్ కడిగినవి, పౌడర్ ప్రాసెసింగ్ గది నేల తుడిచినవి. ఇందులోనూ సరుకంతా మొదటి కడుగులోనే ఉంటుంది. రెండో కడుగు, మూడో కడుగు దాదాపు ఖాళీ నీళ్ళు. మొదటి కడుగుని వేరే సంపులోకి మళ్ళించే మూడు వాల్వుల పని ఏ ఓజోన్ జనరేటర్ కన్నా ఎక్కువ యాంటీబయాటిక్‌ని ఆపుతుంది. దానికంటే ముందు, నీళ్ళు పోసే లోపే పొడిని గీకి, వాక్యూమ్ పెట్టి తీసేస్తే మరీ మంచిది. ఈ మాట చెప్తే ప్రొడక్షన్ వాళ్ళకి కోపం వస్తుంది, బ్యాచ్ టైము పెరుగుతుందని. పెరగనివ్వండి.

ఇంకో చిక్కు. సిప్రో తటస్థ పీహెచ్ దగ్గర నీళ్ళలో చాలా తక్కువ కరుగుతుంది. ఆమ్లంలో కరుగుతుంది, క్షారంలో కరుగుతుంది, 7 నుంచి 7.5 మధ్యలో మాత్రం బురదకి అంటుకుని కూర్చుంటుంది. పీహెచ్ 7 దగ్గర నీళ్ళు పట్టి, 0.45 మైక్రాన్‌లో వడకట్టి, హెచ్‌పీఎల్‌సీలో (మందు ఎంతుందో కొలిచే యంత్రంలో) పెట్టి ‘తగ్గిపోయింది’ అనుకునే వాళ్ళకి లోటు లేదు. తగ్గలేదు, ఫిల్టరు మీద ఉంది. శాంపిల్‌ని ముదురు గోధుమ రంగు సీసాలో పట్టండి (వెలుతురుకి విరిగిపోతుంది), ముందు ఆమ్లం వేసి కరగనిచ్చి, ఆ తర్వాతే వడకట్టండి.

ఇక ఫెంటాన్. మొదటి కడుగు నీళ్ళు, సాల్వెంట్ తీసేశాక, సీఓడీ (కర్బన పదార్థాన్ని కాల్చడానికి కావాల్సిన ఆక్సిజన్, లీటరుకి మి.గ్రా.ల్లో) 5,000 ఉన్నాయనుకుందాం. 1 కేఎల్ బ్యాచ్‌కి లెక్క కడదాం. ఒక గ్రాము సీఓడీని పూర్తిగా కాల్చడానికి 2.125 గ్రాముల పెరాక్సైడ్ కావాలి. మనకి పూర్తిగా కాల్చే పని లేదు, సిప్రో అణువుని విరగ్గొట్టి, మిగతాది బయలాజికల్‌కి (బాక్టీరియాతో శుద్ధి చేసే ట్యాంకుకి) వదిలేస్తే చాలు. సగంతో మొదలుపెట్టండి: 5.3 కిలోల వంద శాతం పెరాక్సైడ్, అంటే 50 శాతం సరుకు 10.6 కిలోలు, సుమారు 9 లీటర్లు. పెరాక్సైడ్, ఇనుము మోలార్ నిష్పత్తి 10:1 పట్టుకుంటే ఫెర్రస్ సల్ఫేట్, అదే అన్నభేది, 4.3 కిలోలు పడుతుంది. ఇది ఆరంభం మాత్రమే. జార్ టెస్టులో 5:1 నుంచి 20:1 దాకా తిప్పి చూసి మీ నీళ్ళకి ఏది సరిపోతుందో తేల్చుకోవాలి.

ముందు పీహెచ్ 3.0కి దించండి. సల్ఫ్యూరిక్ ఆమ్లంతోనే. హైడ్రోక్లోరిక్ చేతికి అందింది కదా అని పోస్తే, ఆ ఆమ్లపు పీహెచ్ దగ్గర క్లోరైడ్ రాడికల్స్‌ని మింగేయడమే కాక క్లోరిన్ అంటిన కొత్త కర్బన పదార్థాలు పుట్టిస్తుంది. హెచ్‌టీడీఎస్ మీద ఫెంటాన్ ఎందుకు చతికిలపడుతుందంటే ఇందుకే. పీహెచ్ 4 దాటితే ఇనుము తుప్పులా దిగిపోతుంది, 2.5 కిందకి పోతే చర్య మందగిస్తుంది. ఈ నీళ్ళలోకి అజైడ్ గానీ సయనైడ్ గానీ వచ్చే ప్రాసెస్ ఏదైనా ఉంటే ఆమ్లం వేయనే వేయకండి, విషవాయువు లేస్తుంది. అసిటోన్ ఉన్న స్ట్రీము కూడా వద్దు. ఆమ్లం, పెరాక్సైడ్, అసిటోన్ ఒకచోట చేరితే పేలే స్వభావమున్న పెరాక్సైడ్లు తయారవుతాయి.

తర్వాత ఫెర్రస్ సల్ఫేట్. సంచి విప్పి రంగు చూడండి. లేత ఆకుపచ్చ పలుకులైతే సరుకు బాగున్నట్టు. పసుపు, గోధుమ రంగు పొడి పట్టి ఉంటే అది సగం ఫెర్రిక్ అయిపోయింది, దానితో చర్య బద్ధకంగా నడుస్తుంది. కొద్దిగా ఆమ్లం కలిపిన నీళ్ళలో అప్పటికప్పుడు కరిగించి పోయండి, నిన్న కలిపి ఉంచింది వాడొద్దు.

పెరాక్సైడ్‌ని డోసింగ్ పంపుతో గంటన్నర, రెండు గంటల పాటు సన్నగా వేయాలి. అంతా ఒక్కసారి కుమ్మరిస్తే ఇనుము దగ్గర పెరాక్సైడ్ తనని తానే తినేసుకుంటుంది, ఆక్సిజన్ బుడగలై పోతుంది, ట్యాంకు నిండా నురుగు లేచి అంచు దాటుతుంది. షిఫ్టు మారే ముందు తొందరగా ముగించేద్దామని వాల్వు బార్లా తెరవడం వల్లే చాలా బ్యాచ్‌లు చెడతాయి. ఆకుపచ్చగా ఉన్న నీళ్ళు కాసేపట్లో డికాషన్ రంగుకి తిరుగుతాయి, తర్వాత నెమ్మదిగా తేటపడి పసుపు నారింజకి వస్తాయి. డికాషన్ రంగు దగ్గరే ఆగిపోయిందంటే పెరాక్సైడ్ చాల్లేదన్నమాట. వేడి కూడా చూసుకోవాలి. 5,000 సీఓడీలో సగం కాలితే పది, పన్నెండు డిగ్రీలు పెరుగుతుంది, అది ఫరవాలేదు. అదే 50,000 సీఓడీ నీళ్ళకి ఇదే లెక్క వేస్తే ట్యాంకు మరిగిపోతుంది. మే నెలలో హైదరాబాద్ చుట్టుపక్కల నీళ్ళు ట్యాంకులో చేరేసరికే 35 డిగ్రీలుంటాయని మర్చిపోకండి. 45 దాటితే పంపు ఆపేయండి.

డోసింగ్ ఆగాక గంట సేపు కలపండి. తర్వాత కాస్టిక్ సోడాతో పీహెచ్ 8, 8.5కి ఎక్కించండి. ఇక్కడే అందరినీ విసిగించేది ఒకటుంది: మిగిలిపోయిన పెరాక్సైడ్ ఒక్కసారిగా ఆక్సిజన్ వదులుతుంది, ఆ బుడగలు పట్టుకుని ఇనుప బురద కిందకి దిగకుండా పైకి తేలుతుంది. దాన్ని చూసి పాలీఎలక్ట్రోలైట్ (బురదని ముద్దకట్టించే రసాయనం) ఇంకా ఇంకా పోస్తుంటారు. పోయక్కర్లేదు, మెల్లగా కలుపుతూ అరగంట ఆగితే గాలి పోతుంది, అప్పుడు లీటరుకి 1, 2 మి.గ్రా. చాలు. పెరాక్సైడ్ స్ట్రిప్ ముంచి, రంగు దాదాపు రాకపోతేనే బయలాజికల్‌కి పంపండి, లేదంటే అక్కడి బాక్టీరియా చస్తుంది. సీఓడీ చూసే ముందు కూడా ఈ స్ట్రిప్ ముఖ్యమే. ఒక మి.గ్రా. మిగులు పెరాక్సైడ్ 0.47 మి.గ్రా. దొంగ సీఓడీగా కనిపిస్తుంది. ‘ఫెంటాన్ చేస్తే సీఓడీ తగ్గనే లేదు’ అనే ఫిర్యాదుల్లో సగం ఇదే అని నా నమ్మకం.

పెరాక్సైడ్ లైనులో మామూలు బాల్ వాల్వు పెట్టకండి. మూసినప్పుడు బంతి లోపల చిక్కిన పెరాక్సైడ్ విచ్ఛిన్నమై వాల్వుని పగలగొడుతుంది. చిక్కిన గ్యాస్ పోయే రంధ్రమున్న వాల్వు అడగండి. కార్బాయ్ మూతకి గాలి పోయే దారి ఉండాలి, ఇనుప చెంచా, ఇత్తడి ఫిట్టింగు దగ్గరికి రాకూడదు.

ఇప్పుడు అసలు మోసం. బ్యాచ్ అయిపోయింది, పై నీళ్ళు హెచ్‌పీఎల్‌సీలో పెడితే సిప్రో సున్నా. సంబరపడకండి. సిప్రో లాంటి ఫ్లోరోక్వినలోన్లు ఫెర్రిక్ ఇనుముని గట్టిగా పట్టుకుంటాయి. కాస్టిక్ వేసి ఇనుముని దింపినప్పుడు సిప్రో కూడా దానితో దిగిపోతుంది. విరిగిందా, బురదలోకి మారిందా అన్నది పై నీళ్ళు చెప్పవు. అందుకని ప్రతి కొత్త స్ట్రీముకీ ఒక జత బీకర్లు పెట్టండి. మొదటి దాంట్లో మామూలు ఫెంటాన్. రెండో దాంట్లో అదే ఆమ్లం, అంతే ఇనుము, అదే కాస్టిక్, పెరాక్సైడ్ మాత్రం సున్నా (ఇనుము ఫెర్రిక్ కావాలి కాబట్టి ఇక్కడ ఫెర్రిక్ సల్ఫేట్ వేయండి). రెండో బీకరు పై నీళ్ళలో కూడా సిప్రో బాగా తగ్గితే, ఆ మేరకు మీ ‘ట్రీట్‌మెంట్’ అంతా మందుని బురదలోకి మోయడమే. తర్వాత రెండు బీకర్ల బురదనీ పీహెచ్ 2కి దించి కరిగించి, ఆ ద్రవాన్ని కూడా కొలవండి. వెండార్ రిపోర్టులో ఈ రెండో బీకరు లేకపోతే ఆ రిపోర్టుకి విలువ లేదు.

ఆ బురద తక్కువేమీ కాదు. పైన చెప్పిన బ్యాచ్‌కి ఇనుప హైడ్రాక్సైడే పొడిగా 1.7 కిలోలు. ఫిల్టర్ ప్రెస్ కేకులో 70 శాతం తేమ ఉంటే అయిదున్నర కిలోలు. సున్నం వాడితే జిప్సం కలిసి ఇంకా పెరుగుతుంది, కాస్టిక్ వాడితే బురద తగ్గి టీడీఎస్ పెరుగుతుంది. ఏదో ఒకటి భరించాలి. ఈ కేకు ప్రమాదకర వ్యర్థం కింద దుండిగల్ లాంటి టీఎస్‌డీఎఫ్‌కే పోవాలి. ఫెంటాన్ చవక అన్నవారు ఈ కిలోలకి లారీ ఖర్చు, పూడ్చే ఖర్చు వేసి చెప్పారో లేదో అడగండి.

ఓజోన్ సంగతి. దీని మీద నాకు ద్వేషం లేదు, ఈటీపీ దాటిన నీళ్ళకి మెరుగు పెట్టడానికి మంచిదే. స్విట్జర్లాండ్ 2016 నుంచి ఎంపిక చేసిన మురుగు శుద్ధి కేంద్రాల్లో సూక్ష్మ కాలుష్యాలు 80 శాతం తగ్గించాలని చట్టమే పెట్టి, ఓజోన్ గానీ యాక్టివేటెడ్ కార్బన్ గానీ వాడుతోంది. కానీ అవి ఊరి మురుగు నీళ్ళు, కరిగిన కర్బనం తక్కువ. మోతాదు ఒక గ్రాము కరిగిన కర్బనానికి 0.5 నుంచి 1 గ్రాము ఓజోన్. మీ అవుట్‌లెట్‌లో కర్బనం లీటరుకి 80 మి.గ్రా. ఉందనుకుంటే, 0.7 లెక్కన 20 కేఎల్‌కి రోజుకి 1.1 కిలోలు, అంటే గంటకి 50 గ్రాముల జనరేటర్ ఇరవై నాలుగు గంటలూ తిరగాలి. దానికి పైన నైట్రైట్ ఉంటే, ఒక మి.గ్రా. నైట్రైట్ నైట్రోజన్ 3.4 మి.గ్రా. ఓజోన్ని ఊరికే తినేస్తుంది. మీ బయలాజికల్ నైట్రైట్ దగ్గరే సగంలో ఆగిపోతోందా అని ముందు చూసుకోవాలి. వెండార్ కొటేషన్‌లో గాలితో నడిచే 10 గ్రాముల పెట్టె ఉంటే అది గది వాసన పోగొట్టడానికి పనికొస్తుంది. నీళ్ళ లోతు నాలుగైదు మీటర్లు లేకపోతే సగం గ్యాస్ పైకి పోతుంది, పోయినదాన్ని విరగ్గొట్టే యూనిట్ కూడా కావాలి. గదిలో ఓజోన్ 0.1 పీపీఎం దాటకూడదు. రబ్బరు గ్యాస్కెట్లు పగులుతాయి, టెఫ్లాన్ అడగండి. మీ ప్రాసెస్‌లో బ్రోమైడ్ ఉంటే బ్రోమేట్ పుడుతుంది, అది ఇంకో తలనొప్పి.

యూవీ, పెరాక్సైడ్ కలిపి వాడే పద్ధతి గురించి అడగలేదు గానీ రెండు మాటలు. ఈటీపీ అవుట్‌లెట్ మీద వద్దు. 254 నానోమీటర్ల దగ్గర లీటరుకి 10 మి.గ్రా. పెరాక్సైడ్ ఒక సెంటీమీటరు దారిలో పట్టుకునేది ఒక శాతం చిల్లర కాంతినే, రంగు నీళ్ళలో మిగతాదంతా రంగే తాగేస్తుంది. క్వార్ట్జ్ గొట్టం మీద ఇనుము, కాల్షియం పేరుకుంటే ఇక దీపం ఉన్నా లేనట్టే. ఆర్‌ఓ పర్మియేట్ (పొర దాటిన నీళ్ళు) మీదైతే చక్కగా పనిచేస్తుంది, కానీ సిప్రో అంతా రిజెక్ట్‌లో (పొర ఆపేసిన నీళ్ళలో) ఉండగా పర్మియేట్‌ని మెరుగుపెట్టి ఏం లాభం? ఇక కాలేజీ ప్రాజెక్టుల్లో కనిపించే టైటానియం డయాక్సైడ్ పొడి, డిస్టిల్డ్ వాటర్‌లో 10 మి.గ్రా. సిప్రో, 99 శాతం రిమూవల్ గ్రాఫు... మన బోరు నీళ్ళలో క్షారత 300 ఉంటే, 1 మి.గ్రా. సిప్రో తినే రాడికల్స్‌కి నాలుగింతలు బైకార్బొనేటే తినేస్తుంది. ఆ పొడిని 20 కేఎల్‌లోంచి మళ్ళీ ఎలా వెనక్కి తీస్తారో ఆ గ్రాఫులో ఉండదు.

మీ పక్క బ్లాకులో పెన్సిలిన్లు, సెఫలోస్పోరిన్లు తయారవుతుంటే వాటికి రాడికల్స్ దాకా పోనక్కర్లేదు. కాస్టిక్ వేసి పీహెచ్ 11, 12 దగ్గర ఉంచితే చాలావాటి బీటా లాక్టమ్ వలయం తెరుచుకుని మందు చచ్చిపోతుంది. ఎంతసేపన్నది మందుని బట్టి మారుతుంది, కొలిచి చూసుకోవాలి. వీటిని ఓజోన్‌కి ఇస్తే ఇంకో గొడవ ఉంది. ఓజోన్ వలయాన్ని వదిలేసి పక్కనున్న గంధకాన్ని పట్టుకుంటుంది, అప్పుడు పుట్టే సల్ఫాక్సైడ్లలో కొన్నిటికి ఇంకా బాక్టీరియాని చంపే గుణం ఉంటుంది. పెన్సిలిన్ జీ, సెఫలెక్సిన్ విషయంలో ఇది 2010లోనే చూపించారు. హెచ్‌పీఎల్‌సీలో మాత్రం పెన్సిలిన్ పీక్ (గ్రాఫులో మందుని చూపే శిఖరం) మాయం.

సిప్రోకీ ఇదే వర్తిస్తుంది. రాడికల్ ముందుగా కొరికేది చాలావరకు పక్కనున్న పైపరజీన్ వలయాన్ని, మందు గుణమంతా ఉన్న క్వినలోన్ నడుము అలాగే నిలబడి ఉంటుంది. అందుకని పీక్ ఒక్కటే చూడకండి, బాక్టీరియాని అడగండి. మైక్రోబయాలజీ ల్యాబ్ మీ క్వాలిటీ కంట్రోల్‌లో ఎలాగూ ఉంది. శాంపిల్‌ని కాటలేజ్ ఎంజైమ్‌తో పెరాక్సైడ్ లేకుండా చేసి (బైసల్ఫైట్ వాడితే అదే బాక్టీరియాని ఆపుతుంది), పీహెచ్ 7.3కి తెచ్చి, 0.22 మైక్రాన్‌లో వడకట్టి, రెట్టింపు గాఢత ముల్లర్ హింటన్ బ్రాత్‌తో (బాక్టీరియా పెరిగే పోషక ద్రవంతో) సగం సగం కలిపి, ఈ. కోలై ఏటీసీసీ 25922 (పరీక్షలకి వాడే ప్రామాణిక బాక్టీరియా రకం) వేసి 35 డిగ్రీల దగ్గర 18 గంటలు ఉంచండి. ఈ రకం బాక్టీరియా లీటరుకి 4 నుంచి 16 మైక్రోగ్రాముల సిప్రోకే ఆగిపోతుంది కాబట్టి పరీక్ష బాగా చురుకైనదే. గొట్టం మసకబారితే మందు గుణం పోయినట్టు. తేటగా ఉంటే ఇంకా ఉందన్నమాట, హెచ్‌పీఎల్‌సీ ఏం చెప్పినా సరే. పక్కన సిప్రో లేని అదే నీళ్ళు, అదే ట్రీట్‌మెంట్ చేసినవి పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే ఉప్పు చంపిందో మందు చంపిందో తెలీదు.

ఇది కూడా నదికి సరిపోయే పరీక్ష కాదు. బాక్టీరియా చావకపోయినా, మందుకి లొంగకుండా మొండికెత్తడానికి దానికంటే చాలా తక్కువ మోతాదు చాలు. నీళ్ళు చేరే చోట సిప్రోకి మందుల పరిశ్రమల కూటమి ఏఎంఆర్ ఇండస్ట్రీ అలయన్స్ పెట్టుకున్న గీత లీటరుకి 0.06 మైక్రోగ్రాములు. దాన్ని చూడాలంటే ఎల్‌సీఎంఎస్ (అతి సూక్ష్మ మోతాదులు పట్టే యంత్రం) తప్పదు, బయటి ల్యాబ్‌కి పంపాలి. దీని పక్కన పటాన్‌చెరు అంకె పెట్టి చూడండి: దాదాపు 90 మందుల యూనిట్ల నీళ్ళు శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం నుంచి బయటకొస్తున్న నీళ్ళలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రో ఉందని స్వీడన్ పరిశోధకులు 2007లో ప్రచురించారు. పైన చెప్పిన ఈ. కోలైని ఆపే గరిష్ఠ మోతాదుకి కూడా దాదాపు రెండు వేల రెట్లు. అవి అప్పట్లో ఇసకవాగు, నక్కవాగు మీదుగా మంజీరలో కలిసిన నీళ్ళు.

ఇంత జరిగాక కూడా మన దగ్గర యాంటీబయాటిక్ అంకె చట్టంలో లేదు. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ముసాయిదాలో మందు మందుకీ పరిమితి రాశారు, 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పట్టిక ఎగిరిపోయింది. అందుకే ఇప్పటికీ అందరి కళ్ళూ సీఓడీ మీదే. 1 మి.గ్రా. సిప్రో సీఓడీలో రెండు మి.గ్రా. కూడా కాదు, 250 దగ్గర నిలబడ్డ మీ అవుట్‌లెట్‌లో అది ఎవరికి కనిపిస్తుంది?

మీ 20 కేఎల్‌కి నేనైతే ఇలా చేస్తాను. మొదటి కడుగు నీళ్ళు విడదీస్తే రెండు కేఎల్ రావచ్చు. దానికి నురుగు కోసం మూడో వంతు ఖాళీ ఉండేలా 3 కేఎల్ రబ్బరు లైనింగ్ ట్యాంకు, దానికి స్టిర్రర్, రెండు డోసింగ్ పంపులు, పీహెచ్, ఉష్ణోగ్రత ప్రోబ్‌లు, చిన్న ఫిల్టర్ ప్రెస్. రోజుకి ఒక్క బ్యాచ్, పగటి షిఫ్టులో. నెల రోజులు అవుట్‌లెట్ నీళ్ళూ, బయలాజికల్ బురదా రెండూ కొలిచాక, ఇంకా సిప్రో కనిపిస్తే అప్పుడు ఓజోన్ కొటేషన్ బయటికి తీయండి. అప్పటికి మీకు కావాల్సిన గ్రాముల అంకె వెండార్‌ని అడక్కుండానే మీ దగ్గర ఉంటుంది.